ముప్పై మంది రోగులు, నాలుగు వేల రెండు వందల కొలతలు

ప్రశ్న: నేను దంతవైద్యంలో పీజీ చివరి ఏడాదిలో ఉన్నాను. చిగుళ్ల వ్యాధి ఉన్న 30 మందిని లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులు చేశాం. 15 మందికి స్కేలింగ్, రూట్ ప్లేనింగ్ (పళ్ల మీద, వేళ్ల మీద పేరుకున్న గార తీసి నునుపు చేయడం) మాత్రమే చేశాం. మిగతా 15 మందికి దాంతోపాటు పాకెట్లలో (పంటికీ చిగురుకీ మధ్య ఏర్పడిన సందుల్లో) ఒక జెల్ కూడా పెట్టాం. మొదట్లో ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి, ప్రతి పంటికీ ఆరు చోట్ల పాకెట్ లోతు కొలిచాం. మనిషికి సగటున 140 చోట్లు, మొత్తం 4,200. కొలిచింది నేనూ, నా జూనియరూ. మొదలుపెట్టే ముందు ఐదుగురు రోగుల్ని ఇద్దరం విడివిడిగా కొలిచి చూసుకుంటే కోరిలేషన్ 0.92 వచ్చింది. జెల్ గ్రూపులో లోతు సగటున 0.2 మిల్లీమీటర్లు ఎక్కువ తగ్గింది. రెండు సగటుల్ని పోల్చే టీ టెస్టులో పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.001 కన్నా తక్కువ. లోతైన పాకెట్లయితే రెండు గ్రూపుల్లోనూ బాగా తగ్గాయి. గైడ్ గారు బాగుందన్నారు. కానీ థీసిస్ చూసిన స్టాటిస్టిషియన్ గారు "కోరిలేషన్ చాలదు, 4,200 మీ శాంపిల్ కాదు, మోడల్ మార్చండి" అని రాసి పంపారు. సబ్మిట్ చేయడానికి ఆరు వారాలే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. నా డేటా అంతా వృథాయేనా? ఏ మోడల్ వాడాలి? జూనియర్ కొలతలు తీసేస్తే సరిపోతుందా?
— పేరు వేయొద్దన్న ఒక పీజీ విద్యార్థిని

సమాధానం: మీ డేటా వృథా కాదు. లాటరీ వేసి గ్రూపులు చేశారు, ప్రతి చోటా రెండుసార్లు కొలిచారు, కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి. ఇవి సరిగ్గా ఉంటే విశ్లేషణ మళ్లీ చేసుకోవచ్చు. ఇవే లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. స్టాటిస్టిషియన్ గారు రాసిన మూడు మాటలూ నిజమే. కాకపోతే ఆయన కారణాలు రాయలేదు కాబట్టి మీకు అది తీర్పులా వినిపించింది.

మీరు "ఏ మోడల్ వాడాలి" అని అడిగారు. నేను దాన్ని చివరికి నెడతాను. ప్రోబ్ (పాకెట్ లోతు కొలిచే గీతల సన్న కడ్డీ) ఇచ్చిన అంకె ఎంత అటూ ఇటూ అవుతుందో తెలియకుండా మోడల్ ఎంచుకుంటే, అది ఏ ఫలితం ఇచ్చినా దాన్ని నమ్మాలో వద్దో మీకు తెలియదు. అందుకే ముందు చెయ్యి సంగతి చూద్దాం, ఆ తర్వాత లెక్క సంగతి, ఆఖర్న మోడల్.

పాకెట్ లోతు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ అంకె ఎలా పుడుతుందో ఒక్కసారి నెమ్మదిగా చూడండి. కింది దవడలో మొదటి మోలార్, వెనక వైపు, నాలుక పక్క. పక్క పన్ను ఆనుకుని ఉంటుంది కాబట్టి ప్రోబ్ నిలువుగా దిగదు, కొంచెం వంచాలి. ఎంత వంచారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. నొక్కడానికి 0.25 న్యూటన్లు, అంటే సుమారు 25 గ్రాముల బరువంత ఒత్తిడి అని చదువుకున్నాం. మామూలు ప్రోబ్‌లో ఆ ఒత్తిడిని చూపించే ముల్లేమీ ఉండదు, చేతివాటమే. పైగా చిగురు వాచి ఉన్నప్పుడు ప్రోబ్ కొస జంక్షనల్ ఎపిథీలియం (చిగురుని పంటికి అతికించే పొర) దాటి కింద కనెక్టివ్ టిష్యూలోకి దిగిపోతుంది. మూడు నెలల తర్వాత చిగురు గట్టిపడితే అదే కొస పైనే ఆగుతుంది. ఎముక ఉన్నచోటే ఉంటుంది, అటాచ్‌మెంట్ (చిగురు పంటిని పట్టుకున్న చోటు) కూడా ఉన్నచోటే ఉండొచ్చు, అయినా అంకె మాత్రం తగ్గుతుంది. దీనికి తోడు వాపు తగ్గి చిగురు అంచు కిందికి జారినా లోతు తగ్గినట్టే కనిపిస్తుంది.

ఇది మీ తప్పు కాదు, ఆ కొలత స్వభావమే అంత. దీనివల్ల మీరు చేయాల్సింది ఒకటుంది. థీసిస్‌లో "పాకెట్ లోతు తగ్గింది" అని రాయండి, "అటాచ్‌మెంట్ తిరిగి వచ్చింది" అని రాయకండి. చిగురు అంచు ఎంత జారిందో కూడా నమోదు చేసి ఉంటే సిమెంటో ఎనామెల్ జంక్షన్ (పంటి పైభాగం, వేరు కలిసే గీత) నుంచి లెక్కగట్టి క్లినికల్ అటాచ్‌మెంట్ లెవెల్ కూడా ఇవ్వండి. రిసెషన్ (చిగురు అంచు ఆ గీత దాటి వేరు వైపు జారడం) ఉంటే లోతుకి దాన్ని కలిపితే వచ్చేది అదే. చిగురు అంచు కదిలినందువల్ల లోతులో కనిపించిన మార్పును అది పక్కకు తీసేస్తుంది.

ఏ ప్రోబ్ వాడారో మీరు రాయలేదు. ఇది చిన్న విషయం కాదు. విలియమ్స్ ప్రోబ్ మీద 1, 2, 3, 5, 7, 8, 9, 10 దగ్గర గీతలుంటాయి. 4, 6 దగ్గర ఉండవు. అంటే 4, 6 అని రాసినవన్నీ కంటితో అంచనా కట్టినవే. యూఎన్‌సీ 15 అయితే ప్రతి మిల్లీమీటరుకీ గీత ఉంటుంది, 5, 10, 15 దగ్గర నల్ల పట్టీలుంటాయి. ఈరోజే మీ 4,200 మొదటి కొలతలతో ఒక హిస్టోగ్రామ్ (ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో చూపే గ్రాఫు) గీయండి. 3, 5 ఎత్తుగా లేచి మధ్యలో 4 పల్లంగా కనిపిస్తే అది రోగుల చిగుళ్లలో ఉన్న తీరు కాదు, కొలిచిన కళ్లకు గీత ఉన్నచోట ఆగే అలవాటు. ఆ తర్వాత అదే గ్రాఫుని మీకొకటి, జూనియర్‌కొకటి విడివిడిగా గీయండి. గీతల మధ్య పడిన దాన్ని ఒకరు కింది అంకెకి, మరొకరు దగ్గరి అంకెకి సవరిస్తూ వచ్చి ఉంటే అక్కడే బయటపడుతుంది. నాకు తెలిసి చాలామంది ఈ గ్రాఫు గీయనే గీయరు, నేరుగా టీ టెస్టుకి వెళ్లిపోతారు. పది నిమిషాల పని, ఎన్నో చెబుతుంది.

ఇక కోరిలేషన్. ఒకే రోగిలో ఐదు చోట్ల మీరు 3, 4, 5, 6, 7 అని రాశారనుకోండి. జూనియర్ అవే చోట్ల 4, 5, 6, 7, 8 అని రాశారు. కోరిలేషన్ ఎంత? సరిగ్గా 1, అంటే గరిష్ఠం. కానీ మీరిద్దరూ ఒక్కచోట కూడా ఒకే అంకె చెప్పలేదు. ప్రతి చోటా ఒక మిల్లీమీటరు తేడా ఉంది, మీరు చూపించదలచిన 0.2కి అది ఐదింతలు. ఇద్దరి అంకెలు కలిసి పెరుగుతున్నాయా అన్నదే కోరిలేషన్ చెబుతుంది. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారా అన్నది దానికి పట్టదు. ఇంకో చిక్కు కూడా ఉంది. 2 మిల్లీమీటర్ల నుంచి 10 దాకా అన్ని రకాల పాకెట్లూ కలిపి చూస్తే కోరిలేషన్ దానంతట అదే పెరుగుతుంది. అదే ఇద్దరు మనుషులు, అదే చేతులు, ఒక్క 4 నుంచి 6 మధ్య ఉన్న చోట్లే తీసుకుంటే పడిపోతుంది. మీ 0.92లో మీ నైపుణ్యం ఎంతో, మీ రోగుల్లో ఉన్న వైవిధ్యం ఎంతో ఆ ఒక్క అంకె విడదీసి చెప్పలేదు.

దీనికి గణాంక శాస్త్రవేత్తలు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో రాసిన పద్ధతి ఇప్పటికీ అన్నిటికన్నా సూటిగా ఉంటుందని నా నమ్మకం. ఆ ఐదుగురిలో ప్రతి చోటికీ మీ కొలతలోంచి జూనియర్ కొలత తీసేయండి. ఆ తేడాని నిలువు గీత మీద, ఇద్దరి సగటుని అడ్డ గీత మీద పెట్టి చుక్కలు గుర్తించండి. తేడాల సగటు చెప్పేది ఒకరు పక్షపాతంగా ఎక్కువ కొలుస్తున్నారా అని. తేడాల స్టాండర్డ్ డీవియేషన్‌ని (అవి సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకెని) 1.96తో హెచ్చించి ఆ సగటుకి అటూ ఇటూ వేస్తే, దాదాపు 95 శాతం తేడాలు పడే హద్దులు వస్తాయి. ఉదాహరణకు సగటు తేడా 0.4, స్టాండర్డ్ డీవియేషన్ 0.8 అయితే హద్దులు సుమారు మైనస్ 1.2 నుంచి ప్లస్ 2 వరకు. ఒక చోట మీరు 5 అంటే జూనియర్ 3 అనొచ్చు, 6 అనొచ్చు. ఇలా మిల్లీమీటర్లలో చెబితే క్లినిక్‌లో కూర్చునే ఏ డాక్టరుకైనా ఇట్టే అర్థమవుతుంది. 0.92 అంటే ఎవరికీ ఏమీ తట్టదు.

మీరు ఒక్కరే ఒకే చోటిని రెండుసార్లు కొలిచిన రీడింగులు కూడా ఉంటే డాల్‌బెర్గ్ 1940లో ఇచ్చిన సూత్రం వాడండి. ఆర్థోడాంటిక్స్ (పళ్ల వరస సరిచేసే విభాగం) వాళ్లు సెఫలోగ్రామ్ (తల ఎక్స్‌రే) కొలతలకి ఎప్పటినుంచో దాన్నే వాడుతున్నారు. పది చోట్ల రెండు కొలతల తేడాలు 0, 1, 0, మైనస్ 1, 0, 0, 1, 0, 1, 0 వచ్చాయనుకోండి. వాటి వర్గాల మొత్తం 4. దాన్ని రెండు పదులతో, అంటే 20తో భాగిస్తే 0.2. వర్గమూలం సుమారు 0.45 మిల్లీమీటర్లు. ఒక్క కొలతలో ఉన్న చెయ్యి వణుకు అంత. దాన్ని 2.77తో హెచ్చిస్తే దాదాపు 1.24. ఏమీ మారకపోయినా రెండు కొలతల మధ్య దాదాపు 95 శాతం సార్లు వచ్చే తేడాకి అదీ హద్దు. అంటే ఏ ఒక్క చోటైనా 5 కాస్తా 4 అయిందంటే అది చికిత్సో, చెయ్యో చెప్పలేం. 6 కాస్తా 4 అయితే ఏదో నిజంగా మారిందనొచ్చు.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. ఒక్క చోట మిల్లీమీటరు తేడానే నమ్మలేనప్పుడు సగటులో 0.2 తేడా ఎలా నమ్మడం? నమ్మొచ్చు, అయితే ఒక షరతు మీద. అటోసారి ఇటోసారి పోయే పొరపాటు, ఎక్కువ కొలతల సగటు తీస్తే కొట్టుకుపోతుంది. ఎప్పుడూ ఒకే పక్కకి లాగే పొరపాటు ఎన్ని వేల కొలతలు తీసినా అలాగే ఉండిపోతుంది. అందుకే మీ కాగితాలన్నీ ముందేసుకుని ఈ ప్రశ్నకి జవాబు వెతకండి: ఏ రోగిని ఎవరు కొలిచారు, ఎప్పుడు?

ప్రతి రోగినీ రెండుసార్లూ ఒక్కరే కొలిచి ఉంటే మంచిదే. మీలో ఒకరికి 0.4 ఎక్కువ చూసే అలవాటున్నా అది మొదటి కొలతలోనూ ఉంటుంది, రెండో దాంట్లోనూ ఉంటుంది, మార్పు తీసేటప్పుడు చాలావరకు పోతుంది. మొదట మీరు కొలిచి, మూడు నెలల తర్వాత జూనియర్ కొలిచిన రోగులుంటే ఆ 0.4 నేరుగా "మార్పు"లో చేరిపోతుంది. అది రెండు గ్రూపుల్లోనూ సమానంగా జరిగితే పోలిక బతుకుతుంది. జెల్ గ్రూపు ఎక్కువగా ఒకరి చేతికి, రెండోది ఎక్కువగా మరొకరి చేతికి వచ్చి ఉంటేనే అసలు ప్రమాదం. అప్పుడు మీ 0.2 జెల్ పనితనమో, మీ ఇద్దరి చేతుల తేడానో ఏ మోడలూ నమ్మకంగా విడదీయలేదు. కొలిచేవారికి ఎవరు ఏ గ్రూపో తెలుసా అన్నది కూడా దీంతో కలిపే రాయండి. తెలిసి ఉంటే తెలుసనే రాయండి.

చిగుళ్ల రక్తస్రావం కూడా ఉందా లేదా అని నమోదు చేసి ఉంటారు. దానికి కాపా (యాదృచ్ఛికంగా కలిసింది తీసేశాక మిగిలే ఏకాభిప్రాయం) లెక్క వేస్తే ఒక్కోసారి గుండె జారిపోయే అంకె వస్తుంది, కంగారు పడకండి. నూరు చోట్లలో 90 చోట్ల ఇద్దరూ లేదన్నారు, 2 చోట్ల ఇద్దరూ ఉందన్నారు, 4 చోట్ల ఒకరు, ఇంకో 4 చోట్ల మరొకరు ఉందన్నారు. ఏకాభిప్రాయం 92 శాతం, కాపా మాత్రం 0.29. అదే 46 చోట్ల లేదు, 46 చోట్ల ఉంది, తేడా వచ్చినవి అవే 4, 4 అయితే ఏకాభిప్రాయం అదే 92 శాతం, కాపా 0.84. రక్తస్రావం అరుదుగా ఉన్నప్పుడు యాదృచ్ఛికంగా కలిసే అవకాశమే చాలా ఎక్కువ కాబట్టి కాపా దాన్ని తీసేసి మిగిలింది చూపిస్తుంది. అందుకని కాపా ఒక్కటే ఇవ్వకుండా ఆ నాలుగు గళ్ల పట్టిక మొత్తం ఇవ్వండి. ఇంకో మాట: ఒకరు ప్రోబ్ చేసిన చోటే వెంటనే రెండో వాళ్లు ప్రోబ్ చేస్తే, మొదటి వాళ్ల వల్లనే రక్తం వచ్చి ఉండొచ్చు. ఎవరు ముందు చేశారో కూడా రాసి ఉంటే బాగుంటుంది.

ఇప్పుడు 4,200 సంగతి. చికిత్స ఇచ్చింది మనుషులకి, పాకెట్లకి కాదు. ఒకే నోట్లోని 140 చోట్లకీ ఒకే లాలాజలం, ఒకే బ్రష్, ఒకే రోగనిరోధక శక్తి, సిగరెట్ తాగితే అదే సిగరెట్. ఒకరికి ఒక చోట బాగా మానిందంటే మిగతా చోట్లా మానే అవకాశం ఎక్కువ. వాటిని 140 వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కేయడమంటే ఒకే మనిషిని 140 సార్లు అడిగి 140 మంది అభిప్రాయం అని చెప్పుకోవడమే.

ఇది ఎంత తేడా తెస్తుందో అంకెల్లో చూడండి. ఒకే నోట్లోని చోట్ల మధ్య పోలికని ఇంట్రాక్లాస్ కోరిలేషన్‌తో కొలుస్తాం. అది కేవలం 0.1 అనుకుందాం, చూడ్డానికి చాలా చిన్నదే. గుంపుగా వచ్చిన కొలతలు ఎన్ని విడి కొలతలకి సమానమో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ సూత్రం ప్రకారం 139ని (140లోంచి ఒకటి తీస్తే వచ్చేది) 0.1తో హెచ్చించి ఒకటి కలిపితే 14.9. మీ 4,200ని దాంతో భాగిస్తే దాదాపు 282. అదే 0.2 అయితే 146కి దిగిపోతుంది. నోటికి 140 బదులు వెయ్యి చోట్లు కొలిచే వీలున్నా 0.1 దగ్గర ఆ సంఖ్య 300 దాటదు. మనుషుల సంఖ్య పెంచితే తప్ప పైకి పోదు.

మార్పు స్టాండర్డ్ డీవియేషన్ ఒక మిల్లీమీటరు అనుకుని మీ 0.2కి ఇది అన్వయిస్తాను. 4,200 విడివిడి చోట్లనుకుంటే స్టాండర్డ్ ఎర్రర్ (ఆ సగటు తేడా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె) 0.03, పీ విలువ సున్నాల వరసే. పైన అనుకున్న 0.1తో నోళ్లని లెక్కలోకి తీసుకుంటే అది సుమారు 0.12. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (నిజమైన తేడా ఉండగల పరిధి) మైనస్ 0.04 నుంచి ప్లస్ 0.44 దాకా పరుచుకుంటుంది. సున్నా అందులోనే ఉంది. మీ అసలు డేటాలో ఇలాగే వస్తుందని కాదు, కానీ రావచ్చు, దానికి ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి. అలా వస్తే జెల్ పనిచేయలేదని అర్థం కాదు. 30 మందితో తేల్చలేకపోయామని అర్థం, ఇంటర్వల్‌ని చూపిస్తూ ఆ మాటే రాయాలి. సగటు తేడా నిజమే అయినా 0.2 మిల్లీమీటర్లు ఒక రోగికి ఏం మేలు చేస్తుందన్న ప్రశ్న ఎలాగూ ఉంటుంది. అందుకే 4 మిల్లీమీటర్లకు దిగి రక్తస్రావం కూడా ఆగిన పాకెట్లు ఒక్కో రోగిలో ఎన్ని శాతం అన్నది పక్కనే ఇవ్వమంటాను. అయితే అది ముందు అనుకున్న ఫలితం కాకపోతే ఆ విషయం స్పష్టంగా చెప్పి ఇవ్వాలి.

పళ్లు లేని వాళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. వ్యాధి బాగా ముదిరిన వాళ్లకే పళ్లు తక్కువ ఉంటాయి. ఎందుకంటే పాడైనవి అప్పటికే ఊడిపోయాయి. చోట్లన్నీ కలిపి సగటు తీస్తే 27 పళ్లున్న కాస్త ఆరోగ్యవంతుడి మాట గట్టిగా, 16 పళ్లున్న పెద్ద రోగి మాట నెమ్మదిగా వినిపిస్తుంది. ఇంకా ఘోరం, మధ్యలో పీకేసిన పన్ను. మొదటిసారి 9 మిల్లీమీటర్లున్న పన్ను రెండోసారి లేదు. ఆ రోగి సగటు ఒక్కసారిగా మెరుగవుతుంది, జెల్‌తో సంబంధం లేకుండా. రెండుసార్లూ కొలిచిన చోట్లతోనే మార్పు లెక్కగట్టండి. పీకిన పళ్లు ఏ గ్రూపులో ఎన్నో ఒక వాక్యంలో విడిగా చెప్పండి.

లోతైన పాకెట్లు రెండు గ్రూపుల్లోనూ బాగా తగ్గాయని సంతోషంగా రాశారు. చికిత్స వల్ల తగ్గే ఉంటాయి, కానీ ఆ తగ్గుదల అంతా చికిత్సది కాదు. మొదటి రోజు 5, అంతకు పైన వచ్చిన చోట్లని ఏరారు. వాటిలో నిజంగా 5 ఉన్నవీ ఉన్నాయి, నిజంగా 4 ఉండి ఆ రోజు ప్రోబ్ కాస్త ఎక్కువ దిగి 5 అయినవీ ఉన్నాయి. అసలు 5 ఉండి 4 అని వచ్చినవి మీ జల్లెడలోంచి జారిపోయాయి. ఏ చికిత్సా చేయకుండా మళ్లీ కొలిచినా ఏరిన వాటి సగటు కిందికే వస్తుంది. గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో చూపించిన సగటు వైపు జారుడు ఇదే. కాబట్టి "లోతైన పాకెట్లు మొదటికన్నా ఇంత తగ్గాయి, పీ విలువ ఇంత" అని ఒక్కో గ్రూపుకి విడిగా రాసిన పట్టిక మీ థీసిస్‌లో ఉంటే దాని మీద ఏ నిర్ధారణా నిలబెట్టకండి. ఆ జారుడు రెండు గ్రూపుల్లోనూ ఉంటుంది కాబట్టి గ్రూపుల మధ్య తేడా మాత్రమే మాట్లాడగలదు. కంట్రోల్ గ్రూపు పెట్టడంలో ఉన్న అసలు విలువ ఇదే.

"మొదట ఎంత లోతుంటే అంత ఎక్కువ తగ్గింది" అని గ్రాఫు గీసి కోరిలేషన్ ఇచ్చే అలవాటు మన సాహిత్యంలో చాలా ఉంది. మీరూ గీసి ఉంటే తీసేయండి. మార్పు అంటే మొదటి కొలతలోంచి రెండోది తీసేసింది. మొదటి కొలత రెండు పక్కలా ఉంది, అందులోని పొరపాటు కూడా రెండు పక్కలా ఉంది, సంబంధం కనిపించక ఏం చేస్తుంది? ఓల్డ్‌హామ్ 1962లోనే దీనికి సవరణ చెప్పారు: మార్పుని మొదటి కొలతతో కాకుండా రెండు కొలతల సగటుతో పోల్చి చూడమని.

ఇక మోడల్. మొదట చేయాల్సింది పెన్సిల్‌తోనైనా చేయగలిగినంత సులువైనది. ఒక్కో రోగికి మొదటి సగటు లోతు ఒకటి, చివరి సగటు లోతు ఒకటి. 30 వరసలు, అంతే. చివరి సగటుని గ్రూపుతోనూ, మొదటి సగటుతోనూ రిగ్రెషన్ చేయండి, అంటే ఆ రెండిటిని బట్టి అది ఎంత మారుతుందో లెక్కగట్టండి. దీన్నే ఆన్‌కోవా అంటాం. ఎవరూ తప్పు పట్టలేని విశ్లేషణ ఇది. వైవాలో ఎదుట కూర్చున్న వాళ్లకి రెండు వాక్యాల్లో చెప్పగలరు. ఇందులో ఫలితం ఎలా వస్తుందో అదే మీ ప్రధాన ఫలితం అనుకోండి.

తర్వాత మిక్స్‌డ్ మోడల్, అంటే ఒకే రోగి కొలతలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయని లెక్కలోకి తీసుకునే రిగ్రెషన్. దానికి డేటా పొడవుగా పేర్చాలి. ఒక్కో చోటికి ఒక్కో వరస: రోగి నంబరు, పంటి నంబరు, చోటు, గ్రూపు, కొలిచింది ఎవరు, మొదటి లోతు, చివరి లోతు. పంటి నంబరు ఎఫ్‌డీఐ (రెండంకెల) పద్ధతిలో, 16 అంటే పై దవడ కుడి మొదటి మోలార్, అలా ఒకే తీరులో ఉండేట్టు చూసుకోండి. సగం పేజీల్లో ఒక పద్ధతి, సగంలో ఇంకోటి ఉంటే మోడల్ నోరెత్తకుండా తప్పు ఫలితం ఇస్తుంది. చివరి లోతుకి గ్రూపు, మొదటి లోతు స్థిరమైన అంశాలు. రోగి, రోగిలో పన్ను, ఈ రెండూ ర్యాండమ్ అంశాలు (మనిషి మనిషికీ, పంటి పంటికీ మారేవి). చోట్లు పంట్లో, పళ్లు మనిషిలో, ఈ అంతస్తుల్ని మోడల్‌కి మీరే చెప్పాలి, దానంతట అది కనిపెట్టదు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో మిక్స్‌డ్ మోడల్స్ అనే మెనూలోనే ఇది దొరుకుతుంది, ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. మనుషులు 30 మందే కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి (లెక్కలో ఎంత స్వతంత్ర సమాచారం ఉందో చెప్పే సంఖ్యకి) కెన్‌వర్డ్ రోజర్ అనే చిన్న శాంపిల్ సవరణ ఎంచుకోండి. ఎవరైనా జీఈఈ (గుంపు కొలతలకి వాడే ఇంకో పద్ధతి) వాడమని సలహా ఇస్తే, ఇంత తక్కువ మందితో అది స్టాండర్డ్ ఎర్రర్‌ని తక్కువ చేసి చూపిస్తుందని, చిన్న శాంపిల్ సవరణ లేకుండా వద్దని చెప్పండి.

మోడల్‌లో వయసు, షుగరు, సిగరెట్, బ్రషింగ్ అలవాటు అన్నీ వేసి పీ విలువ చూసి ఒక్కొక్కటే తీసేసే పని మాత్రం చేయకండి. 30 మంది అంత బరువు మోయలేరు. మొదటి లోతుతోపాటు ప్రోటోకాల్‌లో ముందే రాసుకున్నది ఏదైనా ఉంటే అదొక్కటి చాలు. మొదటి పట్టికలో రెండు గ్రూపుల వయసుకీ లింగానికీ వేసిన పీ విలువలు కూడా తీసేయండి. లాటరీ వేశాక వచ్చిన తేడా ఎలాగూ యాదృచ్ఛికమే, దాన్ని పరీక్షించేదేం లేదు. ఇలాంటి ట్రయల్స్‌ని ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాలు కూడా వద్దనే చెబుతాయి.

ఆరు వారాల్లో ఇదంతా అవుతుందా అంటే అవుతుంది. డేటాని కాగితాలతో సరిచూసి పొడవుగా పేర్చడానికే ఎక్కువ సమయం పడుతుంది. తర్వాత పని రోజుల్లో తేలుతుంది. గైడ్ గారి దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లకండి. "సార్, స్టాటిస్టిషియన్ ఇలా అన్నారు" అని మొదలుపెడితే అది వాళ్లిద్దరి మధ్య పంచాయితీ అవుతుంది. ఒకే పేజీ మీద పాత విశ్లేషణ, 30 వరసల విశ్లేషణ, మిక్స్‌డ్ మోడల్, మూడింటి తేడా, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ పక్కపక్కన పెట్టి తీసుకెళ్లండి. ఈ పేజీ చూశాక ఏది నిలబడుతుందో ఆయనకే కనిపిస్తుంది. థీసిస్‌లో కూడా మొదట చోట్ల వారీగా చేద్దామనుకున్నామని, ఒకే రోగి కొలతలు పరస్పరం ఆధారపడతాయి కాబట్టి మార్చామని పద్ధతుల అధ్యాయంలోనే రాయండి. పరీక్షకులు అలాంటి వాక్యం చదివితే మార్కులు తగ్గించరు.

జూనియర్ కొలతలు తీసేస్తే సరిపోతుందా అన్నారు. తీసేయకండి. ఫలితం చూశాక ఎవరి కొలతలుంచాలో తేల్చుకోవడం, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, డేటాని ఏరుకోవడమే అవుతుంది. పైగా ఆ రోగులు పోతే 30 కాస్తా ఇంకా తగ్గుతుంది. కొలిచింది ఎవరన్నది మిక్స్‌డ్ మోడల్‌లో ఒక అంశంగా చేర్చి, ఫలితం ఎంత కదిలిందో చూపించండి. అంతేకాదు, ఇంకా వస్తున్న రోగులు కొందరు ఉంటే, ఇద్దరూ కూర్చుని మళ్లీ విడివిడిగా కొలవండి. ఒకరి అంకె ఇంకొకరికి వినపడకుండా, రాసేది మూడో మనిషి అయ్యేట్టు. మొదట్లో చేసిన ఐదుగురి లెక్క పక్కన ఈ లెక్క పెడితే, ఇన్ని నెలల్లో మీ ఇద్దరి చేతులూ దగ్గరయ్యాయో దూరమయ్యాయో తెలుస్తుంది. ఆ రెండు బ్లాండ్ ఆల్ట్‌మన్ గ్రాఫులూ ఫలితాల అధ్యాయంలో మొదటి పేజీల్లోనే వేయండి, వెనక అనుబంధంలోకి నెట్టకండి.